మాట తగ్గించమన్నారు

ఆమె నోరు తెరవకముందే డాక్టరు చీటీ రాయడం మొదలుపెట్టాడు.

మిల్లు గేటు పక్కన, సైకిళ్ల షెడ్డుకు ఆనుకుని ఉన్న చిన్న గది అది. సోమవారం, గురువారం షిఫ్టు మారే వేళకు డాక్టరు వచ్చి గంటసేపు కూర్చుంటాడు. ఆ గంటలో నలభై మందిని చూస్తాడు. చూస్తాడు అనడం కూడా మర్యాదకే. తలెత్తితే కదా చూడటం. బల్ల మీద మూడు రకాల మాత్రల డబ్బాలు, ఒక సీసా నిండా ఎర్రమందు, చీటీల పుస్తకం ఉన్నాయి. నాలుక నొక్కిపట్టి గొంతులోకి చూసే చెక్క పుల్లలు కూడా ఒక గ్లాసులో ఉన్నాయి. వాటి మీద దుమ్ము పేరుకుని ఉంది.

"గొంతేనా?" అన్నాడు, చీటీ మీంచి చూపు తిప్పకుండా.

"అవును సార్. నాలుగు నెలల నుంచి..."

'నాలుగు' గరగరమంటూ వచ్చింది. 'నెలల' గాలిలా పోయింది. 'నుంచి' అన్నది ఆమెకే వినపడలేదు.

"మిల్లు గొంతు. మీ అందరిదీ అదే గోల. మగ్గాల మోతలో పొద్దస్తమానం అరుస్తారు, ఆనక గొంతు పోయిందని నా దగ్గరికొస్తారు. మాట తగ్గించు. ఉప్పునీళ్లు పుక్కిలించు. ఎర్రమందు మూడు పూటలా."

"మేం అరవం సార్."

"ఏంటీ?"

"షెడ్డులో ఎవరం అరవం. అరిచినా వినపడదు. మేం పెదాలతో..."

"చూశావా? తగ్గించమంటుంటే మళ్లీ మాట్లాడుతున్నావు."

పక్కన మాత్రలు పొట్లం కడుతున్న కాంపౌండరు కిసుక్కున నవ్వాడు. ఆమె ఒళ్లు మండిపోయింది. ఇది నాలుగోసారి రావడం. మొదటిసారి ఎర్రమందు, రెండోసారి జలుబు మాత్రలు, మూడోసారి పుల్లటి తేన్పులకు మాత్రలు ఇచ్చాడు. ఆమెకు జలుబూ లేదు, తేన్పులూ లేవు. అడిగితే కదా తెలిసేది.

"పెద్దాసుపత్రికి చీటీ రాయండి సార్. అక్కడ లోపల ఏముందో చూస్తారట."

"లోపల ఏముంటుంది? గొంతుంటుంది." తన జోకుకు తనే ముచ్చటపడి, చీటీ చింపి ఆమె వైపు నెట్టాడు. "తర్వాత ఎవరూ?"

ఆయన సంతకం ఉన్న చీటీ లేకుండా మిల్లువాళ్లు వెళ్తే పెద్దాసుపత్రి కిటికీ దగ్గరే వెనక్కి పంపేస్తారు. మిల్లుకూ ఆసుపత్రికీ మధ్య అలా రాసుకున్నారు. అంటే ఆమె గొంతులోకి ఎవరైనా తొంగి చూడాలా వద్దా అన్నది, తొంగి చూడని ఈ పెద్దమనిషి చేతిలో ఉంది. ఆమె చీటీని నాలుగు మడతలు పెట్టి, అక్కడే చించి పారేయాలన్నంత కోపాన్ని దిగమింగి, బయటికి నడిచింది.

షెడ్డులో అడుగు పెట్టేసరికి మోత మీద పడింది. నూటపాతిక మరమగ్గాలు ఒక్కసారే ఆడుతుంటాయి. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు పోగును మోసుకుపోయే నాడెలు దభీదభీమని తన్నుకుంటాయి. నేల అదురుతుంది, పళ్లు అదురుతాయి. చెవిలో నోరు పెట్టి అరిచినా ఒక్క ముక్క వినపడదు. కొత్తగా చేరినవాళ్లు మొదటి వారం గొంతు చించుకుంటారు, రెండో వారానికి బుద్ధొచ్చి మానేస్తారు. ఆ తర్వాత పెదవులు నేర్చుకుంటారు. గొంతు కదలకుండా, మాటను పెదవుల మీదే విడమరిచి, పళ్లు కనిపించేలా సాగదీసి, కనుబొమలూ వేళ్లూ కలిపి చెప్పడం. అది పట్టుబడితే పది మగ్గాల అవతలి మనిషితో ఇంట్లో పోట్లాట మొత్తం పూసగుచ్చినట్టు చెప్పుకోవచ్చు. దాచుకోవాలంటే మాత్రం కుదరదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకపోతే షెడ్డంతా చదివేస్తుంది.

షెడ్డు బయట ఈమెను అందరూ మైకు అంటారు. గేటు దాటగానే ఆమె మాట వీధి చివరి దాకా వినపడేది. మగ్గాల దగ్గర పనిచేసేవాళ్లకు చెవులు మందగిస్తాయి, చెవులు మందగించినవాళ్ల గొంతు పెరుగుతుంది. అందరిలోకీ ఈమెది నాలుగు ఆకులు ఎక్కువ. ఇప్పుడు ఆ పేరు పెట్టి పిలిచినవాళ్లే పిలిచాక నాలుక కరుచుకుంటున్నారు. కొందరు కరుచుకోవడం కూడా లేదు.

పక్క వరసలో ఆరు మగ్గాలు చూసే ఆవిడను అందరూ నిదానం అంటారు. వయసులో ఈమెకంటే నాలుగేళ్లు పెద్దది. చుట్టరికం ఏమీ లేకపోయినా మైకు ఆమెను వదిన అంటుంది. పందొమ్మిదేళ్లుగా ఇద్దరి మధ్యా ఒక్క నడవ మాత్రమే అడ్డం. తెగిన పోగును దువ్వెనలాంటి అచ్చు సందుల్లోంచి లాగి, రెండు వేళ్లతో ముడేసి, కొసను పంటితో తెంపే పని నిదానం చేస్తుంటే చూడాలి. తొందర ఉండదు, కానీ ఆమె మగ్గం ఆగి ఉన్నట్టు ఎవరికీ గుర్తుండదు.

"రాశాడా?" నడవ అవతలినుంచి పెదవులతో అడిగింది నిదానం.

"వాడి మొహం రాశాడు," అంది మైకు, అలాగే. "మాట తగ్గించాలట. అరుస్తున్నామట. ఒక్కరోజు, ఒక్క పూట లోపలికొచ్చి నిలబడమను, ఎవరు అరుస్తున్నారో చెబుతాను."

నిదానం ఏదో అనబోయి, ఊరుకుని, మగ్గం వైపు తిరిగింది. ఆమె యూనిఫారం కోటు భుజాల మీంచి జారుతోంది. పైకి లాక్కుంది.

ఆవిడ ఈమధ్య మాటల్లో మరీ పిసినారి అయింది. గేటు బయట కూడా తల ఊపడమే, నవ్వడమే. "ఇన్ని మాటలు దాచుకుని ఏం చేస్తావు వదినా, పెట్టెలో పెట్టి తాళం వేస్తావా?" అని మైకు ఎన్నిసార్లు ఆటపట్టించిందో లెక్కలేదు. నిదానం దానికీ నవ్వేది.

ఆ సాయంత్రం ఇంట్లో ఫోను మోగింది. వేరే ఊళ్లో ఉద్యోగం చేసే కూతురు. మైకు పొయ్యి దగ్గరనుంచి వచ్చి, తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని తీసింది.

"ఆ, చెప్పవే."

"నాన్నా, నీకూ జలుబా? అమ్మకివ్వు," అంది కూతురు.

మైకు ఫోను పట్టుకుని అలాగే నిలబడింది. కన్నకూతురు. పాతికేళ్లు ఈ గొంతు తిట్లు తిని పెరిగిన పిల్ల. ఆమె ఫోను భర్త చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. అవతల భర్త నవ్వుతూ చెబుతున్నాడు: "అది మీ అమ్మేనే! ఫ్యూజు పోయింది. కాలనీ అంతా పండగ చేసుకుంటోంది. నాకైతే పెళ్లైన ఇన్నేళ్లకు ఇంట్లో గడియారం చప్పుడు వినపడుతోంది."

ఆమె గరిటెను నేలకేసి కొట్టింది. అది రెండుసార్లు ఎగిరి బల్ల కిందికి దొర్లింది. భర్త ఫోను పెట్టేసి గుమ్మంలోకి వచ్చాడు.

"ఏమైందే? ఊరికే అన్నాను."

"నాలుగు నెలలు," అంది ఆమె. అరవాలనుకుంది. వచ్చింది చిరిగిన గుడ్డ చప్పుడు. "నాలుగు నెలల్లో ఒక్కడు... ఒక్కడు నోరు తెరవమనలేదు. ఆ డాక్టరు జోకులేస్తాడు. నువ్వూ జోకులేస్తావు. లోపల ఏదైనా ఉంటే? అది పెరుగుతుంటే? దానికీ జోకేనా?"

అన్నంతసేపూ ఆమె మెడ నరాలు ఉబ్బి, కళ్లలో నీళ్లొచ్చాయి. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. రోజూ పళ్లు తోముకునేటప్పుడు అద్దం ముందు నోరు బార్లా తెరిచి చూసుకునేది. నాలుక వెనక చీకటి తప్ప ఏమీ కనిపించేది కాదు.

భర్త వంగి, బల్ల కిందినుంచి గరిటె తీసి కడిగి పెట్టాడు. కాసేపటికి గ్లాసులో గోరువెచ్చని నీళ్లు, తేనె కలిపి తెచ్చాడు. ఆమె తాగలేదు. తేనెతో పోయేదైతే ఎప్పుడో పోయేది.

గురువారం మధ్యాహ్నం డాక్టరు షెడ్డులోకి వచ్చాడు.

ఏడాదికోసారి మిల్లు డాక్టరు స్వయంగా షెడ్డు చూసి సంతకం పెట్టాలని రూలు ఉంది. కార్మికుల ఆరోగ్యం కోసమట. గుమ్మం దగ్గర నాలుగడుగులు వేసి, మేస్త్రీ భుజం తట్టి, సంతకం పెట్టి పోవడం ఆయనకు అలవాటు. ఈసారీ అంతే. రెండు చెవుల్లోనూ దూది కుక్కుకుని, ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు. షెడ్డు గాల్లో తేలే దూది నలుసులు ఆయన కనుబొమల మీద వాలాయి. మేస్త్రీ కాగితం అందించాడు.

మైకు తెగిన పోగును ముడేసి, పిడి తోసి మగ్గాన్ని మళ్లీ ఆడించి, తిన్నగా ఆయన దగ్గరికి నడిచింది. ఎదురుగా నిలబడి తన గొంతు చూపించింది. చీటీ రాస్తున్నట్టు అరచేతి మీద వేలితో రాసి చూపించింది. ఇంతకంటే స్పష్టంగా మూగవాళ్లు కూడా చెప్పలేరు.

డాక్టరు విసుగ్గా తల అడ్డంగా ఊపాడు. జేబురుమాలు దించి, మేస్త్రీ చెవి దగ్గరికి వంగాడు. నవ్వుతూ మాట్లాడాడు. ఈ మోతలో మేస్త్రీకి తప్ప ఎవరికీ వినపడదన్న ధీమా.

"ఈ ఆడవాళ్లకి పని ఎగ్గొట్టడానికి వారానికో రోగం కావాలయ్యా. దీని నోరు పడిపోతే మీకే సుఖం. ఇంకా నేను వైద్యం చేసి తెప్పించాలా?"

నిజంగానే ఎవరికీ వినపడలేదు. మేస్త్రీకి కూడా వినపడలేదు. కానీ ఆయన పెదవులు పగటి వెలుగులో, కిటికీకి ఎదురుగా, పళ్లతో సహా కనిపిస్తున్నాయి. మేస్త్రీ ఒకప్పుడు మగ్గం మీద పనిచేసినవాడే. చదివాడు, తలదించుకున్నాడు. మైకు చదివింది. వెనక్కి తిరిగి చూస్తే, నాలుగు వరసల్లో ఎక్కడివాళ్లు అక్కడే చేతుల్లో పని వదిలేసి ఆయన నోటి వైపు చూస్తున్నారు. అందరూ చదివారు.

ముందుగా పిడి లాగింది నిదానం. పోగు తెగకుండా మగ్గం ఆపితే సంజాయిషీ చెప్పుకోవాలి. పందొమ్మిదేళ్లలో నిదానం అలా ఆపగా ఎవరూ చూడలేదు. ఒకటి ఆపింది. నడవలో నడుస్తూ రెండోది, మూడోది, ఆరూ ఆపింది. ఆవిడను చూసి ఆ వెనక వరస ఆగింది. తర్వాత కిటికీల వైపు వరస. మోత ముక్కలు ముక్కలుగా తగ్గుతూ, చివర ఎక్కడో ఒక్క మగ్గం మాత్రం టకటకమని ఆడి, అదీ ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో డాక్టరు చెవుల్లోని దూది తీసుకున్నాడు. "ఏమైంది? కరెంటు పోయిందా?"

"కరెంటు ఉంది సార్," అంది మైకు. ఆ చిరిగిన గొంతుతోనే ఆయన అన్న మూడు ముక్కలూ మాట పొల్లుపోకుండా అప్పజెప్పింది. ఎగ్గొట్టడం దగ్గర ఒకసారి, సుఖం దగ్గర ఒకసారి గొంతు పూర్తిగా పోయింది. ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ ఎత్తుకుంది. వెనకనుంచి నిదానం కూడా ఏదో అంది. మైకు అటు చూడలేదు కాబట్టి అదేమిటో ఆమెకు తెలియలేదు.

డాక్టరు మొహంలో రంగులు మారాయి. "నేను... అలా ఎవరన్నారు? ఎవరు విన్నారు?"

"ఎవరం వినలేదు. వినే చెవులు మీ మిల్లే తీసుకుంది. మేం చూస్తాం సార్. మనిషి మాట్లాడుతుంటే మొహం చూడటం మాకు అలవాటు. మీకే లేదు."

మేస్త్రీ ఆయన మొహం వైపు చూడకుండా జేబులోంచి పెన్ను తీసి చాపాడు. డాక్టరు చీటీల పుస్తకం తీశాడు. రాయడానికి బల్ల కూడా లేదు. నిదానం మగ్గం మీద నేసిన గుడ్డ మీద పుస్తకం ఆనించి, వంగి, పెద్దాసుపత్రి గొంతు విభాగానికి చీటీ రాసి సంతకం పెట్టాడు. అంత చిన్న పని. నాలుగు నెలలుగా ఆయన చెయ్యనిది ఆ రెండు వాక్యాల పని.

మైకు చీటీని కోటు లోపలి జేబులో పెట్టుకుంది. గెలిచినట్టు అనిపించలేదు. ఇంకా మండుతూనే ఉంది.

శనివారం ఇద్దరూ సెలవు పెట్టి పెద్దాసుపత్రికి బయల్దేరారు. మైకు మాట ఇప్పుడు పక్కనున్న మనిషికి కూడా సరిగ్గా వినపడటం లేదు. తన తరఫున మాట్లాడటానికి ఒక మనిషి కావాలి. భర్త వస్తానన్నాడు. "నువ్వొస్తే డాక్టరుతో కబుర్లు చెబుతావు, వదిన వస్తుందిలే," అని చేత్తోనే చెప్పేసింది. బస్సులో ఎదురెదురు సీట్లలో కూర్చుని దారి పొడుగునా పెదవులతోనే మాట్లాడుకున్నారు. పక్కన కూర్చున్న ముసలాయన పాపం మూగవాళ్లనుకుని, దిగేటప్పుడు దారి ఇచ్చి మరీ పంపాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

గొంతు డాక్టరు ఒక నడివయసు ఆవిడ. బల్ల మీద వంగి ముందటి రోగి వివరాలు రాసుకుంటోంది. నిదానం చీటీ బల్ల మీద పెట్టింది.

"మిల్లు నుంచి వచ్చామమ్మా. గొంతు చూపించుకోవాలి."

"అలా కూర్చోండి. ఎన్నాళ్లయింది ఇలా అయి?" అని డాక్టరు రాత ఆపి తలెత్తి, నిదానం వైపే చూస్తూ కుర్చీ చూపించింది.

"నాకు కాదమ్మా, ఈవిడకి."

"ఓ. సరే," అంది డాక్టరు. ఒక క్షణం నిదానాన్ని చూసి, మైకు వైపు తిరిగింది. మైకు నవ్వు ఆపుకుంటూ కుర్చీలో కూర్చుంది.

ప్రశ్నలు మొదలయ్యాయి. ఇంతమంది ఇన్ని నెలల్లో అడగనివన్నీ ఆవిడ పది నిమిషాల్లో అడిగింది. గొంతు పూర్తిగా పోయి మళ్లీ వస్తుందా, ఎప్పుడూ ఇలాగే ఉంటుందా? పొగ తాగుతారా? ఇంట్లో ఎవరైనా తాగుతారా? మెడకు ఎప్పుడైనా ఆపరేషన్ అయిందా? తిన్నది పైకి తన్నుతుందా? మింగుతుంటే అడ్డం పడుతుందా? దగ్గితే రక్తం పడుతుందా? బరువు తగ్గారా? మైకు అన్నిటికీ తల ఊపుతుంటే నిదానం మాటల్లో పెట్టి చెబుతోంది. "లేదంటోందమ్మా." "పొగ లేదమ్మా, దూది దుమ్మే."

"చెవి పోటు ఉందా? ఒక పక్క చెవిలో?"

మైకు లేదని తల ఊపింది. నిదానం చెయ్యి కుడి చెవి దగ్గరికి వెళ్లి, మళ్లీ ఒళ్లోకి దిగింది. "లేదంటోందమ్మా."

ముక్కులో చల్లటి మందు కొట్టి, సన్నటి గొట్టాన్ని డాక్టరు మెల్లగా లోపలికి పంపింది. చివర దీపం ఉన్న గొట్టం. మైకుకు కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ నొప్పి లేదు. ఎదురుగా తెర మీద ఎర్రటి గుహ, దాని అడుగున రెండు తెల్లటి పట్టీలు కనిపించాయి. అవి తెరుచుకుని మూసుకుంటుంటే, మగ్గం మీద పడుగు పోగులు రెండుగా విడిపోయి నాడెకు దారి ఇస్తున్నట్టే ఉంది.

"ఈ... అనండి."

"ఈ..."

పట్టీలు దగ్గరికొచ్చాయి. ఎడమ పట్టీ అంచు మీద పూసంత బుడిపె. దానివల్ల రెండూ పూర్తిగా అతుక్కోవడం లేదు.

"ఇదిగో, ఇదే," అంది డాక్టరు, గొట్టం తీసేస్తూ. "చిన్న కండ. నునుపుగా ఉంది, రెండు పట్టీలూ బాగా కదులుతున్నాయి. చెడ్డదిలా కనిపించడం లేదు. చిన్న ఆపరేషన్‌తో తీసేసి, ఆ ముక్కను పరీక్షకు పంపుదాం. గొంతు మాటిమాటికీ సవరించుకుంటారా?"

మైకు అవునంది. దూది దుమ్ముకు అందరూ సవరించుకుంటారు.

"ఇంట్లో గట్టిగా మాట్లాడతారా?"

"ఈవిడ పేరే మైకమ్మా," అంది నిదానం.

డాక్టరు నవ్వింది. మైకుకు మాత్రం నవ్వు రాలేదు. నాలుగు నెలల భయం ఒక్కసారి దిగిపోయింది, దాని వెనకే కోపం తన్నుకొచ్చింది. "అంటే మా డాక్టరు చెప్పిందే నిజమా?" అని గరగరమంటూ అడిగింది.

"కొంత నిజమే కావచ్చు. చూడకుండా ఆయనకెలా తెలిసిందో మరి. ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను, లోపల చూడకుండా నాకైతే తెలియదు." డాక్టరు కాగితం మీద రాసి ఇచ్చింది. "ఈ క్షణం నుంచి మాట బంద్. గుసగుస కూడా వద్దు." పెన్ను మూత పెడుతూ నిదానం వైపు తిరిగింది. "మీ గొంతో? ఎప్పుడూ ఇంతేనా?"

"జలుబమ్మా. రెండు వారాలు."

"జలుబుదైతే త్వరలోనే తగ్గిపోవాలి. నాలుగు వారాలు దాటినా తగ్గకపోతే మాత్రం ఊరుకోకండి, వచ్చి చూపించుకోండి." ఆవిడ గంట నొక్కింది. బయట తలుపు దగ్గర తర్వాతి మనిషి లేచి నిలబడ్డాడు.

మైకు కుర్చీలోంచి లేస్తూ నిదానం వైపు చూసింది. జలుబెక్కడిది? రోజూ ఎదురుగా ఉన్న మనిషి, ఒక్క తుమ్ము తుమ్మగా చూడలేదు. "నీకు జలుబెప్పుడు చేసింది వదినా?" అంది పెదవులతో.

నిదానం ఆమె కళ్లలోకి చూసింది. "ఏడాది దాటింది," అన్నాయి ఆమె పెదవులు, చప్పుడు లేకుండా. "చెప్పకు. పనికి పనికిరానని రాసి ఇంటికి పంపేస్తారు. ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే. పద."

చెయ్యి పట్టి లాగింది. తలుపు దాకా నాలుగడుగులు. మైకు రెండు వేసింది.

"ఏడాది," అంది.

డాక్టరు తలెత్తింది. "మిమ్మల్ని మాట్లాడొద్దన్నాను."

"ఏడాది దాటింది డాక్టరుగారూ. జలుబు కాదు. భయపడి చెప్పడం లేదు."

నిదానం చెయ్యి వదిలేసింది. ఆ మొహం అంతలా ఎర్రబడటం మైకు ఎప్పుడూ చూడలేదు. పందొమ్మిదేళ్లలో ఆవిడ పెదవుల మీద చదివిన ఏ మాటనూ మైకు బయటపెట్టలేదు. ఇప్పుడు నోరు తెరిచి చెప్పేసింది.

డాక్టరు తలుపు దగ్గరి మనిషికి ఆగమని చెయ్యి చూపించింది. "ఏడాదిగా ఏ డాక్టరుకూ చూపించుకోలేదా అమ్మా?"

"చూపించుకున్నానమ్మా," అంది నిదానం, నేల చూస్తూ. "మా మిల్లు డాక్టరుకే, పోయినేడు. మాట తగ్గించమని రాశారు. తగ్గించాను."

మైకుకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ చీటీ. అదే చీటీ, అవే మాటలు. నాలుగు నెలలుగా తన గొంతు, తన చీటీ అని షెడ్డంతా ఏకం చేసింది. ఆ పక్కనే ఈవిడ ఏడాదిగా నోరు కట్టేసుకుని బతుకుతోంది, చెప్పినట్టు విన్నది కాబట్టి. ఆటపట్టించింది ఎవరు? తాళం వేస్తావా అని నవ్వింది ఎవరు? డాక్టరు తలెత్తి చూడలేదని తిట్టుకుంది. తను తలెత్తి చూస్తూనే ఉంది, పెదవులు తప్ప ఏమీ చూడలేదు. ఆ డాక్టరును తిట్టడానికి వచ్చిన తిట్లన్నీ వరసగా తన మీదికే తిరిగాయి.

"చెవి పోటు కూడా మీకే కదా?" అని మెల్లగా అడిగింది డాక్టరు. నిదానం ఒప్పుకుంది. "ఇలా కూర్చోండి. చూశాక మాట్లాడుకుందాం. ముందు చూడనివ్వండి."

నిదానం కూర్చుంది. మైకు వైపు చూడలేదు. మందు కొట్టారు, గొట్టం లోపలికి వెళ్లింది. మైకు తెర పక్కన నిలబడింది. ఇప్పుడే తన గొంతు చూసింది కాబట్టి ఎలా ఉండాలో ఆమెకు తెలుసు. ఎర్రటి గుహ. రెండు పట్టీలు. ఎడమది తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. కుడిది ఉన్నచోటే ఉంది. దాని అంచు నునుపుగా లేదు. పోగులు లేచిన గుడ్డలా తెల్లగా, గరుకుగా, లావుగా ఉంది. డాక్టరు గొట్టాన్ని దగ్గరికి జరిపింది. చాలాసేపు అక్కడే ఉంచింది. నర్సును పిలిచి, పై డాక్టరును ఒకసారి రమ్మనమని చాలా మామూలుగా చెప్పింది.

నిదానానికి తెర కనిపించదు. కనిపించేది మైకు మొహమే. నిదానం మొహంలో కోపం అలాగే ఉంది, దాని మధ్యలోంచి ఆమె పెదవులు కదిలాయి. "ఏముంది?"

అబద్ధం చెప్పడానికి వ్యవధి ఉంది. మైకు చెప్పలేదు. "ఏదో ఉంది వదినా," అంది, ఒక్కో మాటా విడమరిచి, గొంతు కదలనివ్వకుండా. "ఇవాళ చూశారు. ముక్క తీసి పరీక్ష చేస్తారు. పని సంగతి మనం చూసుకుందాం, ఆ మగ్గాలు మళ్లీ ఆపాల్సొస్తే ఆపుదాం."

నిదానం చెయ్యి చాపి ఆమె మణికట్టు పట్టుకుంది, గోళ్లు దిగేలా.

"ఇంకొక్కసారి," అంది డాక్టరు. "ఈ... అనండి."

నిదానం నోరు తెరిచింది. మైకు ఆ పెదవులు చూడకుండా కళ్లు గట్టిగా మూసుకుని, కాస్త బాగా వినపడే చెవిని అటు తిప్పి, పందొమ్మిదేళ్లలో మొదటిసారి పెదవుల ఆసరా లేకుండా ఆ గొంతు విన్నది. అది తన గొంతు కంటే ఎంతో అధ్వాన్నంగా ఉంది.